పోయింది ఫ్యూజు - మిగిలింది బండి

తీగ చుట్టి నడిపితే ముప్పు తప్పదు. కారణం వెదికితే ఖర్చు కొద్ది రూపాయలే

రొళ్ల: రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ, మడకశిర మండలాల పల్లెల్లో మోటారు సైకిలు ఈనాడు విలాస వస్తువు కాదు. తెల్లవారుజామున పాల క్యాను మోసేది అదే. వక్కతోటకూ మల్బరీ తోటకూ మనిషిని చేర్చేది అదే. పంట తక్కువగా వచ్చిన చిన్న రైతు పట్టుగూళ్ల సంచిని వెనుక కట్టుకుని హిందూపురం మార్కెట్టుకు బయలుదేరేదీ దాని మీదనే. రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే మడకశిరకో, సరిహద్దు దాటి శిరకో పరుగెత్తించవలసిందీ ఆ బండే.

అటువంటి బండి నడిదారిలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. దీపం వెలగదు, హారను మోగదు, సెల్ఫు తిరగదు. సీటు కింద మూత తీసి చూస్తే ఫ్యూజు తెగి ఉంటుంది. తెలుగు మాట్లాడేవారు "ఫ్యూజు పోయింది" అంటారు, కన్నడం మాట్లాడేవారు "ఫ్యూజ్ హోయ్తు" అంటారు. రెండు భాషల సంధిలో ఉన్న మన ఊళ్లలో రెండు మాటలూ వినిపిస్తాయి. ఏ భాషలో అన్నా తప్పంతా ఫ్యూజుదే అన్నట్టు మాట్లాడుతాం. నిజానికి ఆ సమయంలో బండిలో తన పని తాను సక్రమంగా చేసినది ఫ్యూజు ఒక్కటే.

ఈ సంగతి తెలియక చాలామంది చేసే పని ఒకటుంది. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగ పోగో, బైండింగు వైరు ముక్కో ఫ్యూజు స్థానంలో చుట్టేస్తారు. "అన్నా, ఏదో ఒకటి చుట్టు, ఊరికి పోతే చాలు" అని మెకానిక్కును తొందరపెట్టేవారూ ఉంటారు. బండి నడుస్తుంది. ఊరు చేరుతుంది. ఆ తీగ మాత్రం అక్కడే ఉండిపోతుంది. పెట్రోలు ట్యాంకు కిందుగా వెళ్లే తీగల కట్టకు ఆనాటి నుంచి కాపలా లేనట్టే.

కావాలని తెగే తీగ

ఇంటికి కరెంటు వచ్చిన కొత్తలో పింగాణీ ఫ్యూజు క్యారియర్లుండేవి. ఫ్యూజు పోతే సన్నని ఫ్యూజు తీగ కొత్తగా కట్టుకోవడం ఆనాటి అలవాటు. బోరు మోటారు స్టార్టరు పెట్టె దగ్గర రైతుకు ఈనాటికీ ఆ అలవాటుంది. తీగ చుట్టడం తప్పు కాదు, లెక్క లేకుండా చుట్టడమే తప్పు. ఆ తీగను ఎంత మందంలో ఉంచాలన్నదే ఫ్యూజు కిటుకంతా.

తీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. దారిలో ఒకచోట తక్కిన తీగ కన్నా సన్నని ముక్క పెడితే, హద్దు మీరినప్పుడు ముందుగా కరిగేది ఆ ముక్కే. అది కరగగానే కరెంటు ఆగుతుంది, మిగతా తీగ చల్లగా ఉంటుంది. చెరువుకు వరద పోటెత్తినప్పుడు కట్ట తెగకుండా కలుజు గుండా నీరు పోయినట్టే ఇది. ఒకచోట పోవడానికి ఏర్పాటు చేసుకుంటేనే మిగిలినది నిలుస్తుంది.

ఈ ఆలోచన పాతదే. పిడుగుపాటు నుంచి తంతి ఆఫీసులను కాపాడడానికి మధ్యలో సన్నని తీగ ముక్కలు పెట్టాలని ఫ్రాన్సు దేశపు బ్రెగే 1847లోనే సూచించాడు. అమెరికాలో ఎడిసన్ తన విద్యుత్ సరఫరా ఏర్పాట్లలో భాగంగా 1890లో ఫ్యూజుకు పేటెంటు పొందాడు. మన బండి సీటు కింద ఉన్నది ఆ వంశంలో చివరి బిడ్డ.

పాత బండ్లలో గాజు గొట్టం ఫ్యూజు ఉండేది. ఇప్పటి బండ్లలో రెండు రెక్కలున్న ప్లాస్టిక్కు ఫ్యూజు వస్తోంది. ఎన్ని ఆంపియర్లదో దాని నెత్తిమీద అంకె ఉంటుంది. అంకె చదవలేనివారు కూడా రంగును బట్టి గుర్తించవచ్చు. 5 ఆంపియర్లది లేత గోధుమ రంగు, 7.5ది ముదురు గోధుమ, 10ది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు, 30ది ఆకుపచ్చ. మీ బండికి ఏది వేయాలో ఫ్యూజు పెట్టె మూతమీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. చాలా బండ్లలో ఆ పెట్టెలోనే ఒక అదనపు ఫ్యూజు కూడా పెట్టి ఇస్తారు. ఒకసారి మూత తీసి చూడండి.

లెక్క వేసి చూద్దాం

దీపం ఎన్ని వాట్లదో దానిమీద రాసి ఉంటుంది. ఆ అంకెను బ్యాటరీ వోల్టులతో, అంటే 12తో, భాగిస్తే ఎన్ని ఆంపియర్లు తాగుతుందో తెలుస్తుంది. 35 వాట్ల పెద్ద దీపం దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. 21 వాట్ల బ్రేకు లైటు పావు తక్కువ 2 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక పక్కన వెలిగే రెండు 10 వాట్ల ఇండికేటర్లు కలిపి ఇంచుమించు అంతే. వెనుక చిన్న దీపం అర ఆంపియరు లోపు. హారను 2 ఆంపియర్లనుకుందాం. ఇవన్నీ ఒకే ఫ్యూజు గుండా నడిచే బండిలో, అన్నీ ఒకేసారి పనిచేసినా మొత్తం 9 ఆంపియర్ల లోపే. అందుకే 10 ఆంపియర్ల ఫ్యూజు పెడతారు.

ఇప్పుడు యజమాని తోటదారిలో వెలుతురు చాలడం లేదని 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు రెండు బిగించాడనుకుందాం. వాటికి మరో 3 ఆంపియర్ల పైచిలుకు కావాలి. మొత్తం 12 దాటుతుంది. ఫ్యూజు పోతుంది. అప్పుడు కొందరు 20 ఆంపియర్ల ఫ్యూజు తెచ్చి వేస్తారు. ఫ్యూజు పెద్దదైంది గాని లోపలి తీగ పెద్దది కాలేదు. 20 ఆంపియర్లు పారేదాకా ఫ్యూజు కళ్లు మూసుకునే ఉంటుంది. ఈలోగా తీగమీది ప్లాస్టిక్కు తొడుగు మెత్తబడుతుంది, పక్క తీగకు అంటుకుంటుంది, పొగ వస్తుంది. అదనపు దీపాలు తప్పనిసరి అనుకుంటే బ్యాటరీ నుంచి వేరుగా తగిన మందం తీగ లాగి, దానికి రిలే పెట్టి, సొంత ఫ్యూజు పెట్టించుకోవాలి. ఉన్న తీగను గీకి అతుకు వేయడం మాత్రం పనికిరాదు.

అప్పటి బండి వేరు, ఇప్పటి బండి వేరు

మన పెద్దలు నడిపిన బండ్లలో ఇంత చిక్కు లేదు. 1980లో హోసూరు నుంచి వచ్చిన టి.వి.ఎస్. 50 వంటి మోపెడ్లలో మాగ్నెట్ కాయిల్ నుంచే ప్లగ్గుకు కరెంటు అందేది. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 దీ ఆ పద్ధతే. ఫ్యూజు పోయినా, బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే ఇంజను లేచేది. హారను మోగకపోయినా మనిషి ఇల్లు చేరేవాడు. బుల్లెట్టులో పెద్ద దీపం గిన్నె మీదనే ఆంపియరు మీటరుండేది. ఛార్జింగు ఎక్కుతున్నదా దిగుతున్నదా అన్నది సూదిని చూసి చెప్పేవారు.

ఆ రోజులు మారాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్తగా తయారయ్యే ద్విచక్ర వాహనాలలో ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు దీపం వెలగవలసిందేనని నిబంధన వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో కార్బురేటరు స్థానంలో దాదాపు అన్ని బండ్లకూ ఫ్యూయల్ ఇంజక్షన్ వచ్చింది. ఇంజనుకు పెట్రోలు అందించేది ఇప్పుడు కరెంటు మీద నడిచే పంపు. ఆ పంపునూ ఇంజనునూ ఒక చిన్న కంప్యూటరు నడిపిస్తుంది. అందుచేత ఈ బండ్లలో మెయిను ఫ్యూజు పోతే దీపాలతో పాటు ఇంజను కూడా నిలిచిపోతుంది. చాలావాటికి కిక్కు కొట్టినా ఫలితముండదు. వెనుకటి రోజుల్లో ఫ్యూజు పోవడం ఒక చికాకు. ఈనాడు పట్టుగూళ్లు బరువు తగ్గిపోతున్నా, ఇంట్లో మనిషి జ్వరంతో మూలుగుతున్నా బండి కదలదు. కొత్త బండి ఉన్నవారే ఫ్యూజు సంగతి మరింత బాగా తెలుసుకోవాలి.

తెగిన ఫ్యూజు చెప్పే కబురు

పోయిన ఫ్యూజును విసిరివేయకండి. వెలుతురులో పట్టి చూస్తే అది ఎందుకు పోయిందో చాలావరకు చెబుతుంది.

గాజు గొట్టం లోపల నల్లగానో, వెండి పూత పూసినట్టో మసి కనిపిస్తే ఎక్కడో తీగ ఒరిసి బండి ఇనుముకు నేరుగా తగిలిందని అర్థం. దీన్నే షార్టు అంటాం. అటువంటప్పుడు పదుల ఆంపియర్లు ఒక్కసారిగా పారి ఫ్యూజు రెప్పపాటులో పేలిపోతుంది.

గాజు తేటగా ఉండి మధ్యలో తీగ మాత్రం కరిగి విడిపోయి ఉంటే మోయలేని బరువు పడిందని అర్థం. 10 ఆంపియర్ల ఫ్యూజు 11 దగ్గర వెంటనే పోదు. చాలాసేపు వేడెక్కి వేడెక్కి అటు తరువాత తెగుతుంది. అదనపు దీపాలు, గట్టి హారన్లు బిగించిన బండ్లలో సాధారణంగా కనిపించేది ఇదే.

తీగ బాగానే ఉండి, ఫ్యూజు కొనలో, లేక దాన్ని పట్టుకునే క్లిప్పుల దగ్గర ప్లాస్టిక్కు కాలినట్టుంటే లోపం పట్టులో ఉంది. క్లిప్పు వదులైనా, చిలుము పట్టినా అక్కడే వేడి పుడుతుంది. అప్పుడు ఎన్ని ఫ్యూజులు మార్చినా లాభం లేదు, క్లిప్పులున్న పెట్టెనే మార్చాలి.

వరుసగా చూడవలసినవి

బండి ఆగగానే ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: అన్నీ ఆగాయా, ఒక్కటే ఆగిందా? ఒక్క హారనో, ఒక్క ఇండికేటరో పనిచేయకపోతే మెయిను ఫ్యూజు జోలికి పోనక్కరలేదు. ఆ బల్బు, దాని స్విచ్చి, దాని తీగ, దాని ఎర్తు చూస్తే చాలు. రెండు మూడు ఫ్యూజులున్న బండిలో కొన్ని వస్తువులు కలిసి ఆగితే వాటి ఫ్యూజు చూడాలి. అన్నీ ఒక్కసారిగా ఆగితే మెయిను ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు, తాళం స్విచ్చి - ఈ మూడే అనుమానితులు.

బ్యాటరీ టెర్మినల్ వదులైనా అచ్చం ఫ్యూజు పోయినట్టే అన్నీ ఆగిపోతాయి. గతుకుల దారుల్లో తిరిగే బండికి ఇది మామూలే. చేత్తో కదిపి చూడండి. తెల్లగానో పచ్చగానో పూత పట్టి ఉంటే తీసి వేడినీళ్లూ వంటసోడాతో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన కొంచెం వాసలీను రాయాలి. తీసేటప్పుడు ముందు మైనసు తీగ తీయాలి. బిగించేటప్పుడు ముందు ప్లస్సు బిగించాలి. ఈ వరుస పాటిస్తే పానా జారి బండికి తగిలినా నిప్పు రేగదు.

సెల్ఫు నొక్కితే టిక్కుటిక్కుమని మాత్రమే శబ్దం వస్తూ, దీపాలు చిన్నబోతుంటే అది ఫ్యూజు లోపం కాదు. బ్యాటరీ బలహీనపడిందని గాని, టెర్మినల్ వదులైందని గాని తెలుసుకోవాలి.

ఫ్యూజు పోయిందని తేలితే తాళం ఆపి, అదే అంకె ఉన్న కొత్త ఫ్యూజు వేయండి. తాళం వేయకముందే పోతే లోపం బ్యాటరీకీ తాళం స్విచ్చికీ మధ్యనో, రెగ్యులేటరు దగ్గరో ఉంది. తాళం తిప్పగానే పోతే స్విచ్చి దాటిన తరువాత ఉంది. అప్పుడూ పోకపోతే ఒక్కొక్క వస్తువునే వాడి చూడండి. బ్రేకు తొక్కగానే పోతే బ్రేకు లైటు దారి, ఎడమ ఇండికేటరుకు పోతే ఆ పక్క తీగ. హ్యాండిల్ తిప్పినప్పుడే పోతే మెడ దగ్గర, గతుకులో పడినప్పుడే పోతే ఎక్కడో ఊగుతున్న తీగ. రెండోసారీ పోతే మూడో ఫ్యూజు వేయడం దండుగ. కారణం వెదకవలసిందే.

ఒక బల్బు చాలు

ఫ్యూజులు తగలేయకుండా షార్టు కనిపెట్టడానికి పాత మెకానిక్కులు వాడే ఉపాయం ఒకటుంది. 12 వోల్టుల 21 వాట్ల బ్రేకు బల్బు ఒకటి తీసుకుని దానికి రెండు తీగలు అతకాలి. ముందుగా దాన్ని బ్యాటరీకి నేరుగా తగిలించి నిండు వెలుగు ఎంతో చూసి గుర్తుపెట్టుకోవాలి. ఆ తరువాత ఫ్యూజు తీసివేసి, ఫ్యూజు పట్టుకునే రెండు క్లిప్పులకూ ఆ రెండు తీగలు తగిలించాలి.

షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. కరెంటు బల్బు గుండానే పోవాలి గనుక 2 ఆంపియర్లు మించి పారదు, తీగలకు హాని లేదు. ఇప్పుడు తీరికగా ఒక్కొక్క సాకెట్టూ విప్పుతూ, తీగల కట్టను అక్కడక్కడా కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపినప్పుడు వెలుగు తగ్గిందో అక్కడే ఉంది దొంగ. తాళం ఆపినప్పుడు బల్బు ఆరిపోయి ఉంటే, తాళం వేసి పెద్ద దీపం ఆపి ఒక్కొక్క స్విచ్చి నొక్కి చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు మసకగా వెలిగితే సరే, నిండుగా వెలిగితే ఆ దారిలోనే షార్టు.

ఫ్యూయల్ ఇంజక్షన్ బండ్లకు ఈ పరీక్ష తాళం ఆపి ఉన్నంతవరకే చేయాలి. వాటి కంప్యూటరుకు వెళ్లే తీగలను సూదితో గుచ్చడం, సాకెట్లలో పిన్ను దూర్చడం వంటివి చేస్తే ఫ్యూజుతో పోయేది కంప్యూటరు దాకా వస్తుంది. ఆ పని తెలిసిన మెకానిక్కుకే వదలాలి.

తీగ దెబ్బతినే చోట్లు

వెదకవలసిన చోట్లు ఎన్నో లేవు. హ్యాండిల్ మెడ దగ్గర తిప్పినప్పుడల్లా తీగలు మడతపడతాయి. ట్యాంకు కింద ఫ్రేముకు రాసుకుంటాయి. సీటు కింద, వెనుక మడ్ గార్డు లోపల చక్రం చిమ్మిన మట్టి, రాళ్లు కొడతాయి. సైలెన్సరు దగ్గర వేడికి తొడుగు పెళుసవుతుంది. పాల క్యాన్లు, గడ్డి మోపులు, ఎరువు బస్తాలు కట్టే బండికి వెనుక దీపం తీగలు నలగడం ఎక్కువ.

మనకు ఇంకొక శత్రువు ఎలుక. గాదె పక్కనో, కొట్టంలోనో వారం రోజులు కదలకుండా ఉన్న బండిలో ఎలుక దూరి తీగల తొడుగు కొరుకుతుంది. చాలా రోజుల తరువాత తీసిన బండి ఫ్యూజు వెంటనే పోతే ముందు సీటు ఎత్తి చూడండి. వక్కతోటల తేమకూ, నీళ్ల పైపు జోరుగా కొట్టి కడగడానికీ సాకెట్లలో చిలుము పడుతుంది. ఒరిసిన తీగ కనిపిస్తే టేపు చుట్టి వదలడమే కాక, అది మళ్లీ ఒరుసుకోకుండా పక్కకు జరిపి కట్టాలి.

ఎర్తు, ఛార్జింగు

ఫ్యూజు బాగున్నా దీపాలు వింతగా ప్రవర్తిస్తే ఎర్తును అనుమానించాలి. ఇండికేటరు వేస్తే వెనుక దీపం కూడా మినుకుమినుకుమనడం, బ్రేకు తొక్కితే మరో దీపం మసకబారడం దాని గుర్తులు. బండి ఇనుముకు బిగించిన నల్లతీగ దగ్గర తుప్పు గీకి గట్టిగా బిగిస్తే చాలావరకు పోతుంది.

బల్బులు మాటిమాటికీ మాడిపోతూ, నీళ్లు పోసే రకం బ్యాటరీలో నీరు త్వరగా తగ్గిపోతూ ఉంటే రెగ్యులేటరును చూపించాలి. మీటరుతో కొలిస్తే, విశ్రాంతిగా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దాపున, ఇంజను వేగం కాస్త పెంచినప్పుడు 14 వోల్టుల దాపున చూపించాలి. 15 దాటుతుంటే ఛార్జింగు ఎక్కువైనట్టు, 13 కూడా రాకపోతే ఎక్కడం లేనట్టు. మాగ్నెట్ నుంచి నేరుగా దీపం వెలిగే పాత బండిలో మాత్రం ఇంజను వేగం తగ్గితే దీపం మసకబారడం సహజమే, అది రోగం కాదు.

దారిలో ఆగితే

చీకట్లో బండి ఆగి, అదనపు ఫ్యూజు లేకపోతే ఏమి చేయాలి? కావలసినదాని కన్నా తక్కువ ఆంపియర్ల ఫ్యూజు దొరికితే వేసుకోవచ్చు. అది త్వరగా పోవచ్చునేమో గాని తీగను కాల్చదు. ఎక్కువ ఆంపియర్లది, వెండి కాగితం, గుండుసూది - ఇవేవీ వద్దు. బండిని రోడ్డు పక్కకు తీసి, వెనుక వచ్చే లారీలకు కనబడేట్టు సెల్ ఫోను దీపం వెలిగించి, మనిషిని పిలిపించుకోవడం మేలు.

కాలిన ప్లాస్టిక్కు వాసన గాని, పొగ గాని వస్తే మరి ఆలోచించకుండా తాళం తీసి కిందికి దిగాలి. మంట లేకపోతేనే, చేతికి అందితే బ్యాటరీ మైనసు తీగ విప్పాలి. మంట లేస్తే దూరంగా జరిగి ఇసుకో మట్టో చల్లాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట మరింత పరుచుకుంటుంది.

ఇంత భయానికీ విరుగుడు చిన్నదే. మీ బండికి సరిపోయే ఫ్యూజులు రెండు, 21 వాట్ల బల్బు ఒకటి, కొంచెం ఇన్సులేషను టేపు ఒక ప్లాస్టిక్కు సంచిలో చుట్టి సీటు కింద పెట్టుకుంటే చాలు. రొళ్లలోనో మడకశిరలోనో ఏ విడిభాగాల అంగడిలోనైనా దొరుకుతాయి. ఇప్పటికే ఎవరి బండిలోనైనా ఫ్యూజు స్థానంలో తీగ చుట్టి ఉంటే ఈ రోజే తీయించి, సరైన ఫ్యూజు వేయించుకోవాలి. అది పోతే పోనివ్వండి, పోవడానికే దాన్ని పెట్టారు. దాని వెంట బండి పోకుండా చూసుకోవడమే మన పని.